8 జీబీ బిల్డ్ మెషీన్ మీద ఒకేసారి ఎన్ని జాబ్‌లు నడపాలి?

ప్రశ్న: అన్నా, హన్మకొండ నక్కలగుట్టలో మాది చిన్న ఆఫీసు. ఆరుగురం డెవలపర్లం. పాత డెస్క్‌టాప్ ఒకటి ఉంటే దాన్నే బిల్డ్ మెషీన్‌గా (కోడ్‌ను కంపైల్ చేసి నడిచే ప్రోగ్రాంగా మార్చే మెషీన్‌గా) వాడుతున్నాం. 4 కోర్లు, 8 థ్రెడ్లు, 8 జీబీ ర్యామ్, ఉబుంటు, బిల్డులు వాటంతట అవే నడవడానికి జెంకిన్స్. సీ ప్లస్ ప్లస్ సర్వర్ ఒకటి, కోట్లిన్‌లో ఆండ్రాయిడ్ యాప్ ఒకటి దానిమీదే బిల్డ్ అవుతాయి. పొద్దున బాగానే ఉంటుంది. మధ్యాహ్నం రెండు మూడు బిల్డులు కలిసి మొదలైతే మెషీన్ బిగుసుకుపోతుంది, వేరే కంప్యూటర్ నుంచి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ కూడా తీసుకోదు. కాసేపటికి ఏదో ఒక బిల్డ్ ‘కిల్డ్’ అని ఆగిపోతుంది. అదే బిల్డ్ మళ్లీ నడిపితే పాస్ అవుతుంది. కొత్త మెషీన్ కొందామని సార్ అంటున్నారు. కొనకుండా దారి ఉందా?

సమాధానం:

ఉంది తమ్ముడూ. కొత్త మెషీన్ కొన్నా ఇప్పుడున్న సెట్టింగులే దానిమీద పెడితే కొన్నాళ్లకు మళ్లీ ఇదే టెన్షన్ వస్తుంది. కాబట్టి ముందు ఈ మెషీన్ సంగతి చూద్దాం.

మీ మాటల్లోనే అసలు విషయం ఉంది. ‘ఎస్‌ఎస్‌హెచ్ కూడా తీసుకోదు’, ‘మళ్లీ నడిపితే పాస్ అవుతుంది’. ఇవి సీపీయూ చాలకపోతే కనిపించే లక్షణాలు కావు, మెమరీ చాలకపోతే వచ్చేవి. సీపీయూ చాలకపోతే పని నెమ్మదిస్తుంది, అంతే. నాలుగు కోర్ల మీద ఇరవై ప్రాసెస్‌లు పెట్టినా కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌లోని అసలు భాగం) వంతులవారీగా అందరికీ సమయం ఇస్తుంది, ఆలస్యంగానైనా అన్నీ ముగుస్తాయి. మెమరీ అలా కాదు. నిండేదాకా ఏ తేడా తెలియదు, నిండిన మరుక్షణం మెషీన్ మొత్తం స్వాప్‌కు (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్క్ భాగానికి) రాయడం, చదవడం మీదే ఉండిపోతుంది. చివరికి కెర్నల్ ఏదో ఒక ప్రాసెస్‌ను చంపేస్తుంది.

నా మాట మీద నమ్మకం పెట్టుకోకుండా మీరే చూసుకోండి. బిల్డ్ ఆగిపోయిన వెంటనే కెర్నల్ సందేశాలు చూపించే డీమెసేజ్ (dmesg) కమాండ్ కొట్టి ‘ఔట్ ఆఫ్ మెమరీ: కిల్డ్ ప్రాసెస్’ అనే లైన్ ఉందేమో వెతకండి. దాని పక్కనే చనిపోయిన ప్రాసెస్ పేరు, అది వాడుతున్న మెమరీ కిలోబైట్లలో ఉంటాయి. సీ ప్లస్ ప్లస్ బిల్డ్ అయితే అది సీసీ1ప్లస్ అనే కంపైలర్ కావచ్చు, కంపైల్ అయిన ముక్కలన్నీ కలిపే లింకర్ కావచ్చు. ఆండ్రాయిడ్ అయితే జావా. జీసీసీ ఒక్కోసారి దీన్నే ‘ఇంటర్నల్ కంపైలర్ ఎర్రర్: కిల్డ్’ అని చూపిస్తుంది. అది చూసి కంపైలర్ వెర్షన్ మార్చుకుంటూ కూర్చునేవాళ్లు చాలామంది. కంపైలర్‌లో తప్పేమీ లేదు, బయటి నుంచి సిగ్నల్ 9 వచ్చి దాన్ని చంపింది. బిల్డ్ డాకర్‌లో నడుస్తుంటే ఎగ్జిట్ కోడ్ 137 కనిపిస్తుంది. 128కి 9 కలిపితే వచ్చే అంకె అది. రెండూ ఒకటే కథ.

ఇప్పుడు 8 జీబీ ఎలా నిండుతుందో చూడండి. చాలామంది ‘మేం నాలుగు జాబ్‌లే (ఒకేసారి నడిచే పనులే) పెట్టాం కదా’ అంటారు. వాళ్లు చూసేది ఒక్క అంతస్తునే. జెంకిన్స్‌లో ఎగ్జిక్యూటర్లు మూడు ఉన్నాయనుకోండి, మూడు బిల్డులు ఒకేసారి మొదలవుతాయి. ఒక్కో బిల్డ్‌లో కంపైలర్లను నడిపే నింజా అనే టూల్ ఉందనుకోండి. మనం అంకె చెప్పకపోతే అది సీపీయూల సంఖ్యకు రెండు కలిపి తీసుకుంటుంది. మీకు థ్రెడ్లు 8 కాబట్టి 10. అంటే ఒకేసారి 30 కంపైలర్లు. ఆండ్రాయిడ్ బిల్డ్ నడిపే గ్రేడిల్ కూడా అంతే, చెప్పకపోతే వర్కర్ల సంఖ్యను సీపీయూల సంఖ్యకు సమానంగా పెట్టుకుంటుంది. టెస్టులు నడిపే టూళ్లలో జెస్ట్ కోర్ల లెక్క చూసుకుని వర్కర్లను తెరుస్తుంది, పైటెస్ట్‌కు ‘-ఎన్ ఆటో’ ఇచ్చినా అదే పని చేస్తుంది. మెషీన్ మొత్తం తన ఒక్కదానిదే అనుకునే ప్రతి టూలూ ఈ లెక్క వేసుకుంటుంది. పక్కన ఇంకోటి నడుస్తోందని దేనికీ తెలియదు. పైగా ఏదీ ర్యామ్ వైపు చూడదు, అన్నీ కోర్లనే లెక్కపెడతాయి. పెద్ద సర్వర్లలో కోర్‌కు 4 జీబీ, 8 జీబీ ఉంటుంది కాబట్టి ఆ లెక్క నడిచిపోతుంది. మీ దగ్గర థ్రెడ్‌కు 1 జీబీ. అందులోనే ఆపరేటింగ్ సిస్టమ్, జెంకిన్స్ కూడా సర్దుకోవాలి.

అందుకే నేను ఎవరికైనా ముందు చెప్పేది ఇదే: జాబ్‌ల సంఖ్యను కోర్లను చూసి పెట్టకండి, ర్యామ్‌ను చూసి పెట్టండి. ఆ అంకె కూడా అన్ని అంతస్తులూ కలిపి మెషీన్ మొత్తానికి ఒక్కటే ఉండాలి.

దానికి ముందు ఒక్కో ప్రాసెస్ ఎంత తింటుందో కొలవాలి. షెల్‌లో ఉండే టైమ్ కాదు, యూఎస్‌ఆర్ బిన్ కింద ఉండే టైమ్ ప్రోగ్రాం కావాలి. ఉబుంటులో లేకపోతే టైమ్ అనే ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసుకోండి. బిల్డ్ కమాండ్ ముందు దాన్ని ‘-వి’తో పెట్టి నడపండి. చివర్లో ‘మాగ్జిమమ్ రెసిడెంట్ సెట్ సైజ్’ అనే లైన్ వస్తుంది. ఇక్కడ చాలామంది తికమకపడతారు. అది బిల్డ్ మొత్తం వాడిన మెమరీ కాదు. ఆ బిల్డ్‌లో పుట్టిన ప్రాసెస్‌లన్నిటిలో అతి పెద్దది ఒక్కటి ఎంత వాడిందో చెబుతుంది. మనకు కావలసింది అదే. ముందు లింకింగ్ లేకుండా కంపైల్ వరకే కొలవండి, తర్వాత లింకింగ్ ఒక్కటే విడిగా కొలవండి. రెండు అంకెలకూ పోలిక ఉండదు. టెంప్లేట్లు దట్టంగా ఉన్న ఫైల్ ఒకటి కంపైల్ కావడానికి 1 జీబీ దాకా పోవడం మామూలే. డీబగ్ సమాచారంతో పెద్ద బైనరీ లింక్ చేస్తే అంతకు రెండింతలు, మూడింతలు పోవచ్చు.

ఉదాహరణకు మీ మెషీన్ లెక్క కడదాం. ఉబుంటు, జెంకిన్స్ జావా కలిపి 2 జీబీ పక్కన పెట్టండి. జెంకిన్స్‌కు హీప్ (జావా తన డేటా పెట్టుకునే మెమరీ) ఎంతో చెప్పకపోతే జావా మొత్తం ర్యామ్‌లో పావు వంతును గరిష్ఠంగా పెట్టుకుంటుంది, అంటే మీ దగ్గర 2 జీబీ వరకు అదే పెరగగలదు. కాబట్టి దాన్ని ‘-ఎక్స్‌ఎమ్‌ఎక్స్’తో 1 జీబీకి కట్టేయండి. ఫైల్ క్యాష్‌కు ఒక జీబీ వదలండి. దాన్ని వృథా అనుకోవద్దు, అది లేకపోతే ప్రతి హెడర్ ఫైల్‌నూ మళ్లీ మళ్లీ డిస్క్ నుంచి చదవాలి. ఇక మిగిలింది 5 జీబీ. కంపైల్‌కు గరిష్ఠంగా 1 జీబీ పోతోందని తేలితే ఐదు జాబ్‌లు పడతాయి, నేనైతే నాలుగే పెడతాను. లింకింగ్‌కు 2.5 జీబీ పోతోందంటే లింకింగ్ ఒకటి మాత్రమే. ఈ నాలుగు, ఒకటి అనేవి మెషీన్ మొత్తానికి. బిల్డ్‌కు నాలుగు చొప్పున కాదు.

ఇక అమలు సంగతి. బయటి అంతస్తు నుంచి మొదలుపెట్టండి, ఎందుకంటే ఎక్కువ లాభం అక్కడే. జెంకిన్స్‌లో ఎగ్జిక్యూటర్లను ఒకటికి తగ్గించండి. ‘అలా చేస్తే అందరూ క్యూలో నిలబడాలి కదా’ అని మీ టీమ్ అంటుంది. అనడం సహజమే. కానీ కూర్చుని లెక్క వేసి చూపించండి. ఒక్కో బిల్డ్ ఒంటరిగా 10 నిమిషాలు పడుతుంది, కోర్లన్నిటినీ నింపుతుంది అనుకుందాం. రెండు పక్కపక్కనే నడిపితే రెండూ 20వ నిమిషానికి ముగుస్తాయి. ఒకదాని తర్వాత ఒకటి నడిపితే మొదటిది 10వ నిమిషానికి, రెండోది 20వ నిమిషానికి ముగుస్తాయి. రెండో మనిషికి నష్టం లేదు, మొదటి మనిషికి పది నిమిషాలు మిగిలాయి. స్వాప్ దెబ్బ కలపకుండానే ఇది. దాన్ని కలిపితే పక్కపక్కనే నడిపినప్పుడు 20 కాస్తా 40 కూడా కావచ్చు. మిర్చి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లి చూడండి. బయట రోడ్డు మీద ఎన్ని బండ్లు బారులు తీరినా లోపల ఉన్న కాంటాలు అన్నే. గేటు బార్లా తెరిచి అన్నిటినీ ఒకేసారి యార్డులోకి తోలితే తూకం త్వరగా కాదు, తూకం అయిపోయిన బండి బయటికి రావడానికి కూడా దారి ఉండదు. మీ మెషీన్‌లో మధ్యాహ్నం జరిగేది అదే.

క్యూ పొడవు తగ్గించే ఉపాయం ఒకటుంది. ఒకే బ్రాంచ్‌కు ఒకరు వెంటవెంటనే మూడు కమిట్లు తోస్తే మొదటి రెండింటి బిల్డ్ ఫలితం ఎవరూ చూడరు. జెంకిన్స్ పైప్‌లైన్‌లో ‘డిసేబుల్ కాంకరెంట్ బిల్డ్స్’ అనే ఆప్షన్‌కు ‘అబార్ట్ ప్రీవియస్’ జత చేస్తే కొత్తది రాగానే పాతది ఆగిపోతుంది. గిట్‌హబ్ యాక్షన్స్‌లో అయితే కాంకరెన్సీ గ్రూప్ పెట్టి ‘క్యాన్సిల్ ఇన్ ప్రోగ్రెస్’ ఆన్ చేస్తే సరిపోతుంది. ఆరుగురి టీమ్‌లో ఈ ఒక్క మార్పుతోనే మధ్యాహ్నం రద్దీ బాగా పలచబడుతుంది.

ఇంకో చిక్కు వస్తుంది. ఎగ్జిక్యూటర్ ఒక్కటే ఉంటే కోడ్‌లో తప్పులు వెతికే, అర నిమిషంలో అయిపోయే లింట్ చెక్ కూడా పెద్ద బిల్డ్ వెనకాల నిలబడాలి. అది విసుగు పుట్టిస్తుంది. అప్పుడు ఎగ్జిక్యూటర్లు రెండు ఉంచి, ‘లాకబుల్ రిసోర్సెస్’ ప్లగిన్‌తో బరువైన దశకు మాత్రం తాళం వేయండి. కంపైల్, లింక్, గ్రేడిల్ అసెంబుల్ ఆ తాళం లోపల, లింట్ బయట. జెంకిన్స్ వాడనివాళ్లు, పెట్టిన వేళకు పని మొదలుపెట్టే క్రాన్‌లో స్క్రిప్టులు నడిపేవాళ్లు ఇదే పనిని ఎఫ్‌లాక్ కమాండ్‌తో చేసుకోవచ్చు. ఒక లాక్ ఫైల్ పేరు ఇచ్చి దాని వెనుక బిల్డ్ కమాండ్ రాస్తే, ముందున్నది అయ్యేదాకా రెండోది ఆగుతుంది. గిట్‌ల్యాబ్ రన్నర్ అయితే కాన్ఫిగ్ ఫైల్‌లో పైనే ఉండే ‘కాంకరెంట్’ అనే అంకె చూడండి. మొదట్లో అది 1 గానే ఉంటుంది. ఎవరో ఒకరు వేగం కోసమని దాన్ని పెంచి ఉంటారు.

తర్వాత లోపలి అంతస్తు. మేక్ అనే బిల్డ్ టూల్‌కు ‘-జె’ (ఒకేసారి ఎన్ని జాబ్‌లో చెప్పే ఆప్షన్) ఇచ్చి పక్కన అంకె రాయకపోతే హద్దే ఉండదు, సిద్ధంగా ఉన్న ఫైళ్లన్నిటికీ ఒకేసారి కంపైలర్లను లేపుతుంది. చిన్న మెషీన్‌కు అంతకంటే పెద్ద ప్రమాదం లేదు. మీ స్క్రిప్టులన్నిటిలో ఒంటరి ‘-జె’ ఎక్కడైనా ఉందేమో గ్రెప్ కొట్టి చూడండి. ‘-జె 4’ అని పైన ఒక్కచోట ఇస్తే మేక్ తన లోపల పిలిచే మేక్‌లతో కూడా ఆ నాలుగునే పంచుకుంటుంది. జాబ్‌సర్వర్ అంటారు దాన్ని. ఒక పైప్‌లో టోకెన్లు ఉంటాయి, టోకెన్ దొరికినవాడే కొత్త జాబ్ మొదలుపెట్టాలి, అయ్యాక తిరిగి ఇవ్వాలి. అయితే లోపలి మేక్‌ఫైల్‌లో ఎవరైనా మళ్లీ ‘-జె 8’ అని రాసి ఉంటే ఈ పంపకం తెగిపోతుంది. లోపలిది తన సొంత ఎనిమిదితో నడుస్తుంది. లాగ్‌లో ‘రీసెట్టింగ్ జాబ్‌సర్వర్ మోడ్’ అనే హెచ్చరిక వస్తే అదే అర్థం. ఆ అంకె తీసేయండి, మేక్ అని నేరుగా రాసిన చోట డాలర్ గుర్తుతో మేక్ వేరియబుల్ వాడండి. రస్ట్ భాష బిల్డ్ టూల్ అయిన కార్గో ఈ జాబ్‌సర్వర్ భాష ముందునుంచీ మాట్లాడుతుంది. నింజా 1.13 నుంచి అదీ మాట్లాడుతుంది, అంతకు ముందు వెర్షన్లకు తెలియదు.

‘-ఎల్’ అని ఇంకో ఆప్షన్ ఉంది, లోడ్ ఇంత దాటితే కొత్త జాబ్ మొదలుపెట్టొద్దని. దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోకండి. లోడ్ యావరేజ్ అనేది గడిచిన నిమిషం సగటు, వెనకబడి కదులుతుంది. అది పెరిగిందని తెలిసేలోపే కంపైలర్లు లేచి కూర్చుంటాయి. ‘-జె’కు తోడుగా ఉంటే మంచిదే, దాని బదులు మాత్రం పనికిరాదు.

నింజాకు కూడా ‘-జె 4’ ఇవ్వండి. లింకింగ్ కోసం విడిగా పూల్ (ఒకేసారి ఇన్నే నడవాలనే హద్దు) పెట్టాలి. నింజాకు బిల్డ్ ఫైళ్లు రాసిచ్చే సీమేక్‌లో జాబ్ పూల్స్ అనే ప్రాపర్టీలో ‘లింక్’ పేరుతో 1 సైజు పూల్ ఒకటి పెట్టి, సీమేక్ జాబ్ పూల్ లింక్ అనే వేరియబుల్‌కు ఆ పేరు ఇస్తే చాలు. కంపైళ్లు నాలుగు నడుస్తాయి, లింకింగ్ ఎప్పుడూ ఒకటే. యూనిట్ టెస్టుల బైనరీలు పదీ ఇరవై ఉన్న ప్రాజెక్టుల్లో అవన్నీ చివర్లో ఒకేసారి లింకింగ్‌కు వస్తాయి. బిల్డ్ 95 శాతం దగ్గర కూలడం మీరు గమనించే ఉంటారు, కారణం ఇదే.

ఆండ్రాయిడ్ దగ్గర కొంచెం నిదానంగా చూడాలి. గ్రేడిల్ ప్రాపర్టీస్ ఫైల్ తెరిచి జేవీఎం ఆర్గ్స్ లైన్ చూడండి. కొన్ని టెంప్లేట్ల నుంచి వచ్చిన ఫైళ్లలో అక్కడ 4 జీబీ, 8 జీబీ అని ఉంటుంది. 8 జీబీ మెషీన్‌లో 8 జీబీ హీప్ అంటే ఏం మిగిలినట్టు? మధ్యస్థమైన యాప్‌కు 2 జీబీతో ప్రయత్నించండి. వర్కర్స్ మ్యాక్స్‌ను 2 చేయండి. కోట్లిన్ కంపైలర్ తన సొంత డీమన్‌ను (వెనకాల నడుస్తూనే ఉండే ప్రోగ్రాంను) ఇంకో జావాగా నడుపుతుంది, దానికి విడిగా చెప్పకపోతే గ్రేడిల్‌కు ఇచ్చిన హీప్ సైజునే అది కూడా తీసుకుంటుంది. అంటే 4 జీబీ అని రాస్తే 4, ఇంకో 4. కోట్లిన్ డీమన్ జేవీఎం ఆర్గ్స్ అనే ప్రాపర్టీతో దానికి వేరే అంకె ఇవ్వండి, లేదా ఎగ్జిక్యూషన్ స్ట్రాటజీని ‘ఇన్ ప్రాసెస్’ చేయండి. అప్పుడు రెండో జావా పుట్టదు, కానీ గ్రేడిల్ హీప్ కాస్త పెంచాల్సి వస్తుంది.

ఇంకోటి, గ్రేడిల్ డీమన్ బిల్డ్ అయ్యాక కూడా ఖాళీగా 3 గంటల వరకు కూర్చుంటుంది, మెమరీ పట్టుకునే. మనిషి ల్యాప్‌టాప్‌లో అది వరం, తర్వాతి బిల్డ్ వేగంగా మొదలవుతుంది. మీ మెషీన్‌లో ఆండ్రాయిడ్ బిల్డ్ అయిపోయిందనుకుని సీ ప్లస్ ప్లస్ బిల్డ్ మొదలుపెడితే 5 జీబీ ఉండాల్సిన చోట 3 కూడా ఉండదు. ‘నో డీమన్’ ఆప్షన్‌తో నడపండి. మధ్యాహ్నం మీరు చూస్తున్న కూలిపోవడంలో దీని పాత్ర చాలా ఉండి ఉంటుందని నా అనుమానం. పొద్దున బాగుండి తర్వాత చెడడం దీనికి సరిగ్గా సరిపోతుంది. బిల్డులేవీ నడవనప్పుడు, నడుస్తున్న ప్రాసెస్‌లు చూపే పీఎస్ కమాండ్ కొట్టి జావాలు ఎన్ని మిగిలి ఉన్నాయో చూడండి, తెలిసిపోతుంది.

ఇవన్నీ చేసినా ఎప్పుడో ఒకరోజు ఎవరో కొత్తగా చేరిన కుర్రాడు స్క్రిప్టులో హద్దు లేని ‘-జె’ రాస్తాడు. దానికి కింద వల కట్టాలి. జెంకిన్స్ కంట్రోలర్ (పనులు పంచే భాగం) మీద ఎగ్జిక్యూటర్లు సున్నా చేసి, అదే మెషీన్‌లో వేరే యూజర్ కింద ఏజెంట్‌ను (బిల్డులు నడిపే భాగాన్ని) సిస్టమ్‌డీ సర్వీస్‌గా నడపండి; ఉబుంటులో సర్వీసులను నడిపేది సిస్టమ్‌డీయే. ఆ సర్వీస్‌కు మెమరీ హై 5 జీబీ, మెమరీ మ్యాక్స్ 5.5 జీబీ అని ఇవ్వండి, మెమరీ స్వాప్ మ్యాక్స్ కూడా 1 జీబీకి కట్టేయండి. హై దాటితే ఆ గుంపును కెర్నల్ నెమ్మదింపజేస్తుంది, మ్యాక్స్ దాటితే ఆ గుంపులోదాన్నే ఒకదాన్ని చంపుతుంది. ఎస్‌ఎస్‌హెచ్, జెంకిన్స్ పేజీ దాని బయట ఉంటాయి కాబట్టి బిల్డ్ చచ్చినా మీరు లోపలికి వెళ్లి చూడగలరు. ఇక్కడ ఒక మెలిక తప్పక గుర్తుంచుకోండి. సర్వీస్‌లో ఏదైనా ప్రాసెస్ మెమరీ చాలక చనిపోతే సిస్టమ్‌డీ మామూలుగా సర్వీస్ మొత్తాన్ని ఆపేస్తుంది, అంటే ఏజెంటే పోతుంది. ‘ఓఓఎమ్ పాలసీ’ని కంటిన్యూ అని పెడితే ఆ ఒక్క కంపైలరే పోయి ఆ బిల్డ్ ఒక్కటే ఫెయిల్ అవుతుంది. సీపీయూ వెయిట్‌ను కూడా 100 నుంచి 50కి తగ్గిస్తే బిల్డ్ నడుస్తున్నప్పుడు మిగతా పనులు కుంటుపడవు.

డాకర్‌లో నడిపేవాళ్లకు ఒక మాట. కంటైనర్‌కు ‘సీపీయూస్ 2’ అని హద్దు పెట్టినా, కోర్ల సంఖ్య చెప్పే ఎన్‌ప్రాక్ కమాండ్ పాత వెర్షన్లలో కంటైనర్ లోపల కూడా అసలు మెషీన్ కోర్లన్నిటినీ చూపిస్తుంది. రెండు కోర్ల వంతుతో ఎనిమిది కంపైలర్లు లేస్తాయి. స్క్రిప్టులో ఎన్‌ప్రాక్ మీద ఆధారపడకుండా అంకెను ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా మీరే పంపండి. మేక్‌ఫ్లాగ్స్, సీమేక్ బిల్డ్ ప్యారలల్ లెవెల్, కార్గో బిల్డ్ జాబ్స్, ఈ మూడింటినీ ఏజెంట్ స్థాయిలో ఒక్కచోట పెట్టేస్తే ప్రాజెక్టు ప్రాజెక్టుకూ తిరిగే పని తప్పుతుంది.

మన దగ్గర వేసవి గురించి చెప్పకపోతే ఈ సమాధానం సగమే అవుతుంది. మే నెలలో వరంగల్‌లో ఎండ 44, 45 డిగ్రీల దాకా పోతుంది. ఏసీ లేని గదిలో, గోడకు ఆనించి పెట్టిన పాత డెస్క్‌టాప్‌లో కోర్లన్నీ పూర్తిగా నడిస్తే సీపీయూ వేడికి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. సెన్సర్స్ కమాండ్‌తో ఉష్ణోగ్రత, ఎల్‌ఎస్‌సీపీయూలో మెగాహెర్ట్జ్ అంకె బిల్డ్ మధ్యలో చూడండి. వేగం అలా పడిపోతుంటే నాలుగు జాబ్‌లకూ మూడు జాబ్‌లకూ సమయంలో తేడా పెద్దగా ఉండదు. మూడే పెట్టండి. ఫ్యాన్ దుమ్ము దులపండి, థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటుంది, మార్పించండి. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద కూడా ఈ మెషీన్ నడుస్తుంటే తక్కువ జాబ్‌లంటే తక్కువ లోడ్, బ్యాటరీ ఇంకాసేపు వస్తుంది.

పనినే తగ్గించే మార్గాలు కొన్ని ఉన్నాయి. సీ ప్లస్ ప్లస్‌కు సీక్యాష్ పెట్టండి, మారని ఫైళ్లు మళ్లీ కంపైల్ కావు. లింకర్‌ను ఎల్‌ఎల్‌డీకి గానీ మోల్డ్‌కు గానీ మార్చి మళ్లీ కొలవండి, సమయం బాగా తగ్గుతుంది. రోజువారీ బిల్డులకు లింక్ టైమ్ ఆప్టిమైజేషన్ ఆపేసి రిలీజ్‌కు మాత్రమే ఉంచండి, మెమరీని అది విపరీతంగా తింటుంది.

స్వాప్ పూర్తిగా తీసేయమని కొందరు సలహా ఇస్తారు. తీయొద్దు, 2 జీబీ ఉంచండి. జీర్యామ్ పెట్టుకుంటే ఇంకా మంచిది, వాడని పేజీలు ర్యామ్‌లోనే కుదించి ఉంటాయి. అయితే దాన్ని అదనపు ర్యామ్‌గా లెక్కలో వేసుకుని జాబ్‌లు పెంచకండి.

ఇక మీ సార్ అడిగిన ప్రశ్న. ఈ మార్పులు చేసి ఒక వారం మామూలుగా పని చేసుకోండి. ఆ వారంలో ప్రాక్ కింద ప్రెజర్ ఫోల్డర్‌లో మెమరీ అనే ఫైల్‌ను నిమిషానికోసారి తేదీ, సమయంతో లాగ్‌లోకి రాయించండి. లినక్స్ 4.20 నుంచి ఇది ఉంది. అందులో ‘ఫుల్’ అని మొదలయ్యే లైన్‌లో ‘యావరేజ్ 60’ అనే అంకె చూడండి. గడిచిన నిమిషంలో మెమరీ కోసం ఆగి పని మొత్తం నిలిచిపోయిన సమయం ఎంత శాతమో అది చెబుతుంది. బిల్డ్ వేళల్లో అది సున్నా దగ్గరే ఉంటే ఈ మెషీన్ మీకు ఇంకా కొంతకాలం చాలు. నాలుగు జాబ్‌లను రెండుకు తగ్గించినా అది తరచూ పదికి పైన తిరుగుతుంటే ర్యామ్ నిజంగానే చాలడం లేదు. అప్పుడు కూడా మెషీన్ మొత్తం మార్చనక్కర్లేదు. మదర్‌బోర్డ్‌లో ర్యామ్ స్లాట్ ఖాళీగా ఉందేమో మూత తీసి చూడండి, ఉంటే అదే రకం 8 జీబీ స్టిక్ ఇంకోటి వేయండి. 16 జీబీ అయ్యాక పైన చెప్పిన లెక్క మళ్లీ మొదటినుంచి వేయండి. అప్పటికి మీకు అడ్డుపడేది ర్యామ్ కాదు, కోర్లే. కంపైల్‌కు 6 జాబ్‌లు, లింకింగ్‌కు 2 దగ్గర మొదలుపెట్టి కొలుచుకుంటూ వెళ్లండి. డీమెసేజ్‌లో వచ్చిన లైన్, టైమ్ చూపించిన రెండు అంకెలు ఇక్కడ పెడితే మీ ప్రాజెక్టుకు తగ్గట్టు నేనూ చూస్తాను.